చెల్లీ, అక్కడి నుంచి నిన్నెవరు పిలిచారు?

ప్రశ్న: వందనాలు అక్కా. నాకు 21 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లె మాది, గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా సంఘానికి తెలిసిన ఒక మెడికల్ మిషన్ టీమ్ ఈ వేసవిలో ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు దాకా, ఆరు వారాలు, పశ్చిమ కెన్యా వెళ్తోంది. 14 మందిలో నన్నూ ఎంపిక చేశారు. రోజుకో ఊళ్ళో క్యాంపు. మనిషికి 2,40,000 రూపాయలు కట్టాలి. 90,000 సంఘం వాళ్ళు కానుకగా పోగుచేస్తామన్నారు, మిగతా లక్షన్నర నాన్న రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. టీమ్ లీడర్ గారు "అక్కడైతే కుట్లు, కాన్పులు అన్నీ నువ్వే చేయొచ్చు, ఇక్కడ పదేళ్ళకి రాని అనుభవం వస్తుంది, రేపు ఫారిన్ ఉద్యోగానికీ పనికొస్తుంది" అన్నారు. పోయిన ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. ఇది దేవుని పిలుపే అనిపిస్తోంది. అమ్మ మాత్రం భయపడుతోంది. నెలాఖరుకి 25,000 అడ్వాన్స్ కట్టాలి. వెళ్ళనా అక్కా? వెళ్తే ఎలా సిద్ధపడాలి?

సమాధానం:

వందనాలు చెల్లీ. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను, ఎందుకంటే నెలాఖరు గడువు నెత్తిన పెట్టుకున్న పిల్లకి చుట్టూ తిప్పి చెప్పకూడదు. ఈ వేసవికి, ఈ టీమ్‌తో, నాన్నగారు తెచ్చే ఆ అప్పుతో వెళ్ళొద్దు. ఆ 25,000 కట్టొద్దు. వెళ్ళాలన్న కోరికని మాత్రం చంపుకోవద్దు, అది మంచి కోరిక. ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి నొప్పితో ఉంటే నా చేతులు అక్కడ ఉండాలి అనిపించడం అందరికీ రాదు, వచ్చినవాళ్ళు దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి.

నేను 22 ఏళ్ళుగా నర్సుని. విశ్వాసిని కూడా, కాబట్టి "మిషన్ ట్రిప్పులన్నీ దండగ" అనే నీ బయటి స్నేహితుల మాట నా నోట రాదు. ఆఫ్రికాకి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మూడు వారాలు, నీకు చెప్పినటువంటి క్యాంపు టీమ్‌తోనే. రెండోసారి పద్నాలుగు నెలలు, ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో. ఈ రెండింటికీ ఉన్న తేడా గురించే నీకు చెప్పాలనుకుంటున్నాను.

నువ్వు పిలుపు అన్నావు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. పౌలుకి రాత్రి దర్శనం వచ్చిన సంగతి నువ్వు సండే స్కూల్లోనే విని ఉంటావు. ఆ దర్శనంలో ఎవరు నిలబడ్డారు? మాసిదోనియ మనిషి. మా దగ్గరికి వచ్చి సాయం చెయ్యమని బతిమాలింది అక్కడి మనిషే. నీ ఉత్తరంలో టీమ్ లీడర్ గారున్నారు, పాస్టర్ గారున్నారు, సంఘం ఉంది, నువ్వున్నావు, కెన్యా వాళ్ళు మాత్రం ఒక్కరు కూడా లేరు. ఏ ఆసుపత్రి రమ్మంది? ఏ డాక్టరు, ఏ సిస్టర్ ఉత్తరం రాశారు? ఏ ఊళ్ళో క్యాంపు, ఆ ఊరి హెల్త్ సెంటర్‌కి ఈ సంగతి తెలుసా? దేవుడు పిలిచాడా లేదా అనేది నేను తేల్చలేను, అది నీకూ ఆయనకీ మధ్య ఉన్న విషయం, కానీ వెళ్ళేచోట ఒక మనిషి కూడా పిలవకపోతే అది పిలవని పేరంటమే అవుతుంది, మనం ఎంత ప్రేమతో పసుపూ కుంకుమా పట్టుకెళ్ళినా సరే.

నా మొదటి ట్రిప్పు సంగతి చెప్తాను. బడి ఆవరణలో టేబుళ్ళు వేసేవాళ్ళం, పొద్దున్నే వరుస మొదలయ్యేది, సాయంత్రానికి మూడు నాలుగు వందల మంది. నేను బీపీ చూసే టేబుల్ దగ్గర కూర్చున్నాను. 200 మీద 110 ఉన్న పెద్దావిడ వస్తే పక్క టేబుల్ నుంచి డాక్టరు గారు ఆమ్లోడిపిన్ రాస్తారు, ముప్పై బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళం, దుబాసీ ఆవిడకి రోజుకొకటి అని చెప్తుంది, ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని దీవిస్తుంది. ఆ రాత్రి గదికెళ్ళి కన్నీళ్ళతో స్తోత్రం చెల్లించాను. నిజంగానే సంతోషంగా ఉండేది.

చివరి రోజు అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న హెల్త్ సెంటర్ సిస్టర్ మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. కోపంగా రాలేదు, మాతో కూర్చుని టీ తాగింది, మా ఊళ్ళ గురించి అడిగింది, తర్వాత సంచిలోంచి పెద్ద రిజిస్టర్ తీసి నా ముందు పెట్టింది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు, నెలనెలా వాళ్ళు వచ్చిన తేదీలు, బీపీ అంకెలు, అన్నీ చేత్తో గీసిన గళ్ళలో. ఒక్కొక్క పేషెంటుని బతిమాలి, ఇంటికి మనిషిని పంపి, నెలకోసారి రావడం అలవాటు చెయ్యడానికి ఆవిడకి రెండేళ్ళు పట్టిందట. మేమున్న మూడు వారాల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఉచితంగా ఇస్తున్నారని జనం మా దగ్గరికి వచ్చేశారు. అంతకంటే భయం వేసిన సంగతి ఇంకొకటి చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఆవిడ ఇచ్చిన బిళ్ళా, రంగు వేరుగా ఉంది కాబట్టి మేమిచ్చిన బిళ్ళా రెండూ వేసుకుంటున్నారు, రెండూ ఒకటే మందు. ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయిందట. మీరు వెళ్ళాక నెల తర్వాత వీళ్ళు నా దగ్గరికే రావాలి కదా సిస్టర్, అప్పుడు వస్తారో రారో అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఖాళీ గళ్ళు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటాయి.

మంచి సమరయుడి కథలో మనం నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడం దగ్గరే ఆగిపోతాం. ఆయన చేసిన అసలు పని ఆ తర్వాతిది: గాయపడ్డవాణ్ణి పూటకూళ్ళ ఇంటికి చేర్చి, ఆ ఇంటాయన చేతికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే రేపు కూడా ఆ మనిషిని చూసుకునేవాడు ఒకడు ఆ ఊళ్ళోనే ఉన్నాడని తెలిసి, వాడికి అప్పగించి వెళ్ళాడు. మా క్యాంపు ఆ పూటకూళ్ళ ఆయన్ని పక్కకి నెట్టేసింది. మన ఊళ్ళలో ఆశా వర్కర్లు ఉన్నట్టే కెన్యాలో కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లు ఉన్నారు, 2023 నుంచి ఆ వ్యవస్థని దేశమంతా పెద్ద ఎత్తున నడుపుతున్నారు. బడి పిల్లలకి నులిపురుగుల మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది, మనకి ఇచ్చినట్టే. ఇవేవీ తెలియకుండా వెళ్ళి ఆల్బెండజోల్ పంచితే నిన్న వేసుకున్న పిల్లాడికే మళ్ళీ ఇవాళ వేస్తాం.

నువ్వు చదువుతున్న ఊరి చరిత్రే చూడు. ఆనా కుగ్లర్ గారు అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1883లో. ఆవిడ డాక్టరు చదివారు, కానీ పంపిన లూథరన్ వాళ్ళు అప్పటికి వైద్యం పని మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరు, అందుకని ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళకి చదువు చెప్పే పని మీద పంపారు. ఆవిడ తెలుగు నేర్చుకున్నారు, ఇల్లిల్లూ తిరిగారు. 1886లో డిస్పెన్సరీ తెరిచారు, ఆసుపత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. అంటే వచ్చిన పదిహేనేళ్ళకి. 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూశారు. కుగ్లర్ గారు బతికుండగానే, 1920లో, ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ గుంటూరు వచ్చి సన్యాసిని అయ్యారు, దశాబ్దాల పాటు ఇక్కడే వైద్యం చేశారు, ఇక్కడి అమ్మాయిలకి మందులు కలపడం, కాన్పులు చెయ్యడం, నర్సింగ్ నేర్పించారు. ఇవాళ సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్‌ని 1943లో మొదలుపెట్టింది ఆవిడే. నువ్వు ఆరు వారాల్లో కుగ్లర్ గారివి కావాలని నేననడం లేదు, ఎవరూ కాలేరు. మన ఊళ్ళు మిషన్ వైద్యాన్ని అందుకున్న ఊళ్ళు, కాబట్టి అందుకునే వైపు నుంచి ఏది మిగులుతుందో మనకి బాగా తెలుసు. మన అమ్మమ్మలు చెప్పుకున్నది భాష నేర్చుకుని, మనవాళ్ళకి పని నేర్పి, ఇక్కడే ఉండిపోయిన దొరసానుల గురించే. మూడు వారాలు వచ్చి వెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇక ఆ కుట్లు, కాన్పుల మాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, నీ మీద కాదు. నువ్వు మూడో సంవత్సరం విద్యార్థివి. డిగ్రీ అయ్యి కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యేదాకా నువ్వు మన రాష్ట్రంలోనే నర్సువి కాదు, మేడమ్ పక్కన నిలబడితేనే నీ చెయ్యి పేషెంటు మీద పడాలి. విమానం దిగగానే అది ఎలా మారుతుంది? కెన్యాకీ నర్సింగ్ కౌన్సిల్ ఉంది, డాక్టర్లకి వేరే కౌన్సిల్ ఉంది, బయటి దేశం నుంచి వచ్చి పేషెంట్లని చూడాలంటే పెద్ద పెద్ద సర్జన్లు కూడా అక్కడ తాత్కాలిక లైసెన్స్ తీసుకుంటారు. టూరిస్టుగా దేశంలోకి వెళ్ళి వైద్యం చెయ్యడం అక్కడి చట్టానికి విరుద్ధం, ఏదైనా జరిగితే టీమ్ లీడర్ గారు కాదు, చేతికి గ్లవ్స్ ఉన్న నువ్వు నిలబడాలి.

పక్క దేశం ఉగాండాలో జింజా అనే ఊళ్ళో జరిగిన సంగతి చెప్తాను. వైద్యం చదవని ఒక అమెరికన్ అమ్మాయి, చర్చి నేపథ్యం ఉన్నది, చిన్న వయసులోనే వెళ్ళి తిండి లేక చిక్కిపోయిన పిల్లల కోసం కేంద్రం పెట్టింది. మంచి మనసుతోనే పెట్టి ఉంటుంది. అక్కడ చేరిన పిల్లల్లో చాలామంది చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెళ్ళారు, తెల్లకోటు వేసుకుని తిరుగుతుంటే డాక్టరనుకున్నామని చెప్పారు. ఆమె తప్పు ఒప్పుకోలేదు, 2020లో పరిహారంతో రాజీ కుదిరింది. ఆ తల్లుల మాట ఒక్కసారి ఆలోచించు. నీకూ తెల్లకోటు ఉంది. అక్కడ వరుసలో నిలబడిన తల్లికి నువ్వు విద్యార్థివని ఎవరు చెప్తారు? మన గుంటూరు పెద్దాసుపత్రి లేబర్ రూమ్‌లో మీ అమ్మో, మీ అక్కో ఉన్నప్పుడు విదేశం నుంచి సెలవులకి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల, తెలుగు ఒక్క ముక్క రానిది, నేర్చుకోవడానికి కాన్పు చేస్తానంటే మీ నాన్న ఊరుకుంటారా?

ఇంకొక మాట కూడా ఉంది. కెన్యాలో ఏమీ లేదు, మనం వెళ్తేనే అని నీకు చెప్పి ఉంటారు. 1915లో మొదలైన కిజాబే ఆసుపత్రి, బొమెట్‌లో టెన్వెక్, మౌంట్ కెన్యా వైపు చొగోరియా, ఇవన్నీ మిషన్ ఆసుపత్రులే, మూడింటికీ నర్సింగ్ కాలేజీలున్నాయి. టెన్వెక్‌లో గుండె ఆపరేషన్లు చేస్తారు, ఆఫ్రికన్ సర్జన్లకి శిక్షణ ఇస్తారు. అక్కడి అమ్మాయిలకీ నీలాగే కేసులు పూర్తి కావాలి. నువ్వు చేసే ప్రతి కాన్పూ అక్కడి విద్యార్థి చేతిలోంచి తీసుకున్నదే అవుతుంది, రేపు ఆ ఊళ్ళో ఉండి కాన్పులు చెయ్యాల్సింది ఆ పిల్లే.

ఫారిన్ ఉద్యోగానికి పనికొస్తుంది అన్నది కూడా నమ్మకు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అనుభవం అని అడిగేది రిజిస్ట్రేషన్ తర్వాత వార్డులో చేసిన పని గురించి. చదువు మధ్యలో వెళ్ళిన క్యాంపు సర్టిఫికెట్ ఆ లెక్కలోకి రాదు. దానికి బదులు నీ చదువుకి వచ్చే ఇబ్బంది చూసుకో. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం పరీక్షకి 80 శాతం హాజరు కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ నూటికి నూరు శాతం పూర్తి చెయ్యాలి. ఆరు వారాల్లో మీ కాలేజీకి నిజంగా సెలవులు ఎన్ని వారాలో, మిగతా పోస్టింగ్ ఎప్పుడు పూడ్చుతావో ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగావా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

డబ్బు. లక్షన్నరకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 3,000, ఏడాదికి 36,000, అసలు కదలకుండా. నువ్వు చదువు ముగించి జీతం అందుకునేసరికి, ఏడాదిన్నర అనుకున్నా, వడ్డీయే 54,000 అవుతుంది. యార్డులో గుమాస్తా జీతంలోంచి ఆ మూడు వేలు ఎక్కడ తగ్గుతాయో అమ్మకి తెలుసు, ఆవిడ భయం విమానం గురించి మాత్రమే అనుకోకు. మీ ఇంటికొచ్చే పాల దగ్గర, తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ళ ఫీజు దగ్గర తగ్గుతాయి. కానుకగా వచ్చిన డబ్బుతో వెళ్ళొచ్చు, దాచుకున్న డబ్బుతో వెళ్ళొచ్చు, అప్పు చేసి పరిచర్యకి వెళ్ళొద్దు. ఇందులో నేను మెత్తబడను. ఆ 2,40,000లో టికెట్ ఎంత, బస ఎంత, ఇన్సూరెన్స్ ఎంత, మందులకి ఎంత, లీడర్ల ఖర్చు ఎంత అని కాగితం మీద అడుగు. ఇవ్వకపోతే ఆ టీమ్ గురించి నీకు ఇంకేమీ తెలుసుకోవాల్సిన పని లేదు.

ఇంకా ఏప్రిల్, మే మనకి వేసవి కానీ కెన్యాలో అవి పెద్ద వానల నెలలు. మార్చి నుంచి మే దాకా కురుస్తుంది, మట్టి రోడ్ల మీద వ్యాన్లు దిగబడతాయి, మలేరియా పెరుగుతుంది. రోజుకో ఊళ్ళో క్యాంపు అని ఆ నెలల్లో పెట్టారంటే అక్కడివాళ్ళని అడిగి పెట్టినట్టు నాకు అనిపించడం లేదు, మన సెలవులు చూసుకుని పెట్టారు.

సువార్త సంగతి కూడా మాట్లాడాలి, విశ్వాసుల మధ్య దీన్ని ఎవరూ పైకి అనరు. మందు కోసం మూడు గంటలు ఎండలో నిలబడిన మనిషి, మందిచ్చే చేత్తోనే కరపత్రం కూడా ఇస్తే, వద్దు అనగలదా? ప్రార్థన చేస్తామంటే కాదనగలదా? మందు అందరికీ ఒకేలా, ఏ షరతూ లేకుండా అందాలి, ప్రార్థన అడిగినవాళ్ళకి చెయ్యాలి. పద్నాలుగు నెలల్లో నేనుగా ఎవరినీ ప్రార్థనకి పిలవలేదు. రాత్రి డ్యూటీలో వాళ్ళే పిలిచేవాళ్ళు, సిస్టర్, ఇలా వచ్చి కూర్చోండి అని. అయినా కెన్యాలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా క్రైస్తవులే. యేసుని మనం మోసుకెళ్ళాల్సిన చోటు కాదది, ఆయన అక్కడే ఉన్నాడు, వాళ్ళ ఆరాధనలో ఒక ఆదివారం కూర్చుంటే నీకే తెలుస్తుంది.

మరి ఏం చెయ్యాలి? మన పక్కనే, ఒడిశాలో రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రిస్టియన్ హాస్పిటల్ ఉంది. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరమ్మ మొదలుపెట్టింది, అడవి ప్రాంతంలో, కోందు గిరిజనుల మధ్య. విజయనగరం నుంచి రాయగడ మీదుగా వెళ్ళే రైలు మార్గంలోనే ఉంది. ఉత్తరాదిన ఎమ్మాన్యుయేల్ హాస్పిటల్ అసోసియేషన్ వాళ్ళ ఆసుపత్రులు ఉన్నాయి, 1970 నుంచి నడుస్తున్నాయి, చాలావరకు వేరే ఆసుపత్రి లేని చోట్ల. ఇలాంటి చోటికి మీ కాలేజీ ఉత్తరంతో, సెలవుల్లో మూడు నాలుగు వారాలు చూసి నేర్చుకోవడానికి రావచ్చా అని రాసి అడుగు. రమ్మంటే వెళ్ళు. రైలు టికెట్టు డబ్బుల్లో అయిపోతుంది. భాష రాని చోట పేషెంటు పక్కన కూర్చోవడం అంటే ఏంటో, మలేరియా వార్డు అంటే ఏంటో, మందు లేదు అని తల్లికి చెప్పాల్సి రావడం అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. తర్వాత డిగ్రీ పూర్తి చేసి, రిజిస్టర్ అయ్యి, రెండేళ్ళు గట్టిగా వార్డులో పనిచేసి, అప్పుడు కెన్యాకో ఉగాండాకో కనీసం ఆరు నెలలకి వెళ్ళు. అప్పటికి నీ చేతికి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఒక్కటి జరిగితే మాత్రం ఈ వేసవి గురించి నా మాట మార్చుకుంటాను. ఈ టీమ్ వెళ్తున్నది ఒకే ఆసుపత్రికి అయ్యి, ఆ ఆసుపత్రి నర్సింగ్ ఇన్‌చార్జి స్వయంగా నీకు జవాబు రాసి, విద్యార్థిగా ఫలానా వార్డులో ఫలానా సిస్టర్ కింద ఉండొచ్చు అని చెప్పి, కాలేజీ ఒప్పుకుని, అప్పు లేకుండా డబ్బు కుదిరితే వెళ్ళు. అలా అయితే ఎలా సిద్ధపడాలో కూడా రాస్తున్నాను, ఇప్పుడు కాకపోయినా తర్వాతైనా నీకు కావాలి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. కెన్యా అడిగినా అడగకపోయినా, తిరిగొచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది, కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా క్వారంటైన్‌కి పంపుతారు, ఆరు రోజుల దాకా. టీకా వేసుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, విశాఖలో పోర్టు హెల్త్ వాళ్ళ దగ్గర వేస్తారు, ఏ ఊరి క్లినిక్‌లో పడితే అక్కడ దొరకదు. గుడ్డు పడకపోతే ముందే చెప్పు. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తయ్యాయో లేదో చూసుకో, అది పూర్తవ్వడానికే ఆరు నెలలు. మలేరియా రాకుండా వేసుకునే మందు డాక్టరు రాసిస్తారు, అక్కడి మలేరియాకి క్లోరోక్విన్ పనిచెయ్యదు. డాక్సీసైక్లిన్ అయితే వెళ్ళే ముందు రోజు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు కూడా మానకూడదు, ఇక్కడే చాలామంది ఇంటికొచ్చాం కదా అని ఆపేస్తారు. తిరిగొచ్చాక కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా వైరల్ ఫీవర్‌లే అని పారాసెటమాల్ వేసుకుని పడుకోకు, అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, నేను కెన్యా వెళ్ళొచ్చాను అని డాక్టరుకి నువ్వే నోరు తెరిచి చెప్పాలి.

సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో క్లాసులో చదివావు, కానీ హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందు అక్కడ ఎక్కడ ఉంటుందో మొదటి రోజే అడిగి పెట్టుకో. సబ్బు, నీళ్ళతో కడగడం, వెంటనే చెప్పడం, వీలైతే గంటల్లోనే, ఎట్టి పరిస్థితిలో 72 గంటల లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడడం. సిగ్గుపడి దాచిపెట్టొద్దు. రాత్రిపూట బోడాబోడా, అంటే అక్కడి బైక్ టాక్సీ, ఎక్కొద్దు. జనం అడవి జంతువులకి భయపడతారు, మా ఆసుపత్రికి వచ్చే గాయాలన్నీ రోడ్డువే. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, "భద్రంగా ఉంచుతాం" అని ఎవరడిగినా ఇవ్వొద్దు, లీడర్ గారు అడిగినా సరే. తిరుగు టికెట్ నీ ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో కూడా ఉండాలి.

స్వాహిలి కొంచెమైనా నేర్చుకుని వెళ్ళు, అంత కష్టం కాదు. మందుని దావా అంటారు, మన తెలంగాణ వాళ్ళ దవాఖానలో ఉన్న దవాయే అది. కొట్టుని దుకా అంటారు, మన దుకాణమే. చాయ్, చపాతీ ఎలాగూ ఉన్నాయి. నేను ఎక్కువగా వాడిన మాట పోలే. అయ్యో, నొప్పిగా ఉందా, ఓర్చుకో అని మనం అనేదంతా ఆ ఒక్క మాటలో ఉంటుంది. సూది వేసేటప్పుడు పోలే అంటే చాలు, మొహం మెత్తబడుతుంది.

ఫోటోలు తియ్యొద్దు. పేషెంటుతో, పిల్లలతో, కుట్లతో, దేనితోనూ. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఫోటో కావాలంటే ఆసుపత్రి గేటుది చూపించు.

ఇక నీకు కష్టమైనది, పాస్టర్ గారికి చెప్పడం. పేరు ప్రకటించేశారు, ఇప్పుడు వెనక్కి తగ్గితే విశ్వాసం తక్కువైంది అనుకుంటారని నీ భయం, నాకు అర్థమవుతోంది. ఆయన నిన్ను ప్రేమించే పేరు చెప్పారు, కాబట్టి ఆయనతోనే ముందు, విడిగా, నాన్నగారిని తీసుకెళ్ళి మాట్లాడు. "అయ్యగారూ, నేను వెళ్ళాలనే అనుకుంటున్నాను, కానీ అక్కడి ఆసుపత్రి నన్ను రమ్మని రాసేదాకా, నేను నర్సునయ్యేదాకా ఆగుతాను, మీరు ప్రార్థన ఆపొద్దు" అని చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? సంఘం పోగుచేస్తామన్న 90,000 నీ పేరు మీద వద్దను. ఇచ్చినవాళ్ళు తిరిగి తీసుకుంటారో, ఏ ఆసుపత్రికైనా పంపుతారో పెద్దలే తేల్చుకుంటారు. పంపేటట్టయితే మీకేం కావాలి అని ముందు వాళ్ళని అడిగి పంపమను, మన ఇష్టానికి మెషీన్లు కొని పంపొద్దు, విడిభాగాలు దొరక్క మూల పడి ఉన్నవి నేను ఒక గదినిండా చూశాను.

ఇవాళ రాత్రే ఒక చిన్న ఉత్తరం రాసి పెట్టుకో, ఇంగ్లీషులో, పది లైన్లు చాలు. నేను ఫలానా కాలేజీలో మూడో సంవత్సరం విద్యార్థిని, రిజిస్టర్డ్ నర్సుని కాను, ఫలానా తేదీల్లో మీ దగ్గర చూసి నేర్చుకోవడానికి వీలుందా, ఉంటే ఎవరి కింద ఉండాలి, లేకపోతే నేను చదువు అయ్యాక మీకు ఎలాంటి నర్సు కావాలి అని. టీమ్ లీడర్ గారిని అడిగి ఆ కెన్యా ఆసుపత్రి పేరు తీసుకుని దానికొకటి, బిస్సంకటక్‌కి ఒకటి పంపు. ఆలస్యంగా రావచ్చు, వాళ్ళకి బోలెడు పని ఉంటుంది. వచ్చినప్పుడు, ఏ జవాబు వచ్చినా, నాకు పంపు, కలిసి చదువుదాం.